తమ్ముడి మీద అనుమానం

నేను ఐదో తరగతిలో బడి మానేసిన రోజు మా పంతులుగారు కొబ్బరికాయ కొట్టారని మంథనిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అయినా డిటెక్టివ్ నవలలు మాత్రం నేను వదల్లేదు. ఒకసారి పెద్దపల్లి బస్సులో ఒక నవలను పైకే చదువుతూ, సగంలో ఆపి, పక్కన కూర్చున్న ముసలమ్మకు తీర్పు చెప్పేశాను.

"చంపింది తమ్ముడే అవ్వా. ఇంట్ల ఎవ్వరితోని మాట్లాడుతలేడు."

ఆమె ఒళ్లోని మూట సర్దుకుంది.

"మాట్లాడకుంటే చంపినట్టేనా బిడ్డా? నీ ఇంట్ల గసొంటోడు ఎవడన్న ఉన్నడా?"

ఉన్నాడు. మా తమ్ముడు రెండు నెలలుగా నాతో సరిగా మాట్లాడటం లేదు. వేరు పడాలని చూస్తున్నాడని నేనే తేల్చుకుని, మగ్గాలు పంచమని పెద్దమనుషులకు కబురు కూడా పెట్టాను.

మిగతా నవల మనసులోనే చదువుకున్నాను. చంపింది తమ్ముడు కాదు, అందరినీ నవ్వించే మేనమామ. ఆ సంగతి అవ్వకు చెప్పకుండానే బస్సు దిగాను.

ఇంటికొచ్చాక తమ్ముణ్ణి మొదటిసారి సూటిగా అడిగాను.

"ఏం రా, నాతోని మాట్లాడుతలేవు. వేరు పోదామనుకుంటున్నవా?"

వాడు మగ్గం మీంచి తలెత్తలేదు.

"మాట్లాడుదామనే ఉన్నది అన్నా. నువ్వు ఎన్నడన్న మాట నడుమ జర సందు ఇస్తే గద."