నల్ల కారు మీద పట్టు గుడ్డ

మా ఇంట్లో ఏ వస్తువు మీద దుమ్ము పడినా పట్టు గుడ్డతోనే తుడుస్తాం. వినేవాళ్లకు డాబుగా అనిపిస్తుంది గానీ, ధర్మవరంలో మగ్గం ఉన్న ఇళ్లలో ఇది మామూలే. మగ్గానికి ఎక్కించిన నిలువు పోగుల వార్పు అయిపోయినప్పుడు చివర చీరకు చాలని ముక్క జానెడో మూరెడో మిగులుతుంది. అవే మా తుడుపు గుడ్డలు. టీవీకి, సైకిలుకి, దేవుడి పటాలకి అన్నిటికీ అవే. కొళాయి మూడు రోజులకోసారి వచ్చే వీధిలో తడిగుడ్డ పెట్టి తుడవడం ఎవరికీ అలవాటు లేదు. పట్టు కంటే మెత్తనిది లోకంలో ఉందంటే మా నాయన నమ్మడు. మొన్నటిదాకా నేనూ నమ్మలేదు.

నాయన నలభై ఏళ్లకు పైగా మగ్గంలో కూర్చున్న మనిషి. రెండేళ్ల కింద కళ్లలో పొర కమ్మి, తెగిన పోగు కనపడక, ఒక చీరలో అడుగు పొడవున తప్పు పోయింది. ఆ రోజు మగ్గం దిగినవాడు మళ్లీ ఎక్కలేదు. మూల కూర్చుని అడ్డపోగు దారం కండెలకు చుట్టేవాడు. ఎవరైనా పలకరిస్తే, "ఏముందప్పా, ఆడోళ్ల పని జేస్తాండా" అని నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. ఆయన్ను మళ్లీ మగ్గంలో కూర్చోబెట్టాలన్నదే నా పంతం. అందుకే పోరాడి పోరాడి ఆపరేషనుకు ఒప్పించాను.

మాకు పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు ఈ సంగతి విని తన కారు తాళం నా చేతిలో పెట్టాడు. "మా డ్రైవరు లీవులో ఉండాడు. నీకు బండి వచ్చు కదా, తీసుకపోప్పా. ముసలాయన్ని బస్సుల్లో తిప్పొద్దు" అన్నాడు. నల్ల కారు. నేను కొన్నాళ్లు ఆటో తోలినవాణ్ణే గానీ అంత ఖరీదైన బండి స్టీరింగు పట్టుకోవడం అదే మొదలు. చీకటి పడ్డాక తెచ్చుకుని, తెల్లారకముందే అనంతపురం బయలుదేరాం. ఆషాఢం గాలి, ఎర్రదుమ్ము. రాప్తాడు దాటేసరికే కారు నలుపో ఎరుపో తెలియకుండా పోయింది. ఆపరేషను బాగా జరిగింది. మర్నాడు డాక్టరు కట్టు విప్పి, నల్లద్దాలు పెట్టి, చుక్కల మందు రాసిచ్చి, కొన్నాళ్లు మసగ్గా ఉంటుంది, ఎండలో అద్దాలు తీయొద్దు అని చెప్పి పంపించాడు. సాయంత్రానికి ఇంటికొచ్చి, పొద్దున్నే కారు అప్పజెబుదామని పడుకున్నాను.

పొద్దున లేచేసరికి నాయన వీధిలో ఉన్నాడు. నల్లద్దాలు పెట్టుకుని, చేతిలో పట్టు ముక్కతో కారంతా తుడిచేశాడు. పైనుంచి కింద దాకా, చక్రాల మధ్య కూడా. "దుమ్ముతో ఇస్తే బాగుండదని" అన్నాడు. మొహంలో ఎంత సంతోషమో. అప్పుడే ఎదురింటి మిద్దె మీంచి ఏటవాలుగా ఎండ దిగి కారు ముందు భాగం మీద పడింది. బానెట్టు నిండా సన్నని గీతలు, చుట్టలు చుట్టలుగా, సాలెగూడు పరిచినట్టు. తలుపుల మీదా అవే. ఎండుదుమ్ము మీద గుడ్డ వేసి రుద్దితే ఇసకతో రుద్దినట్టే కదా అని అప్పుడు తట్టింది.

"ఏం జేసినావు నాయనా?" అని అరిచాను.

ఆయన బెదిరి, అరచెయ్యి బానెట్టు మీద ఆనించి మెల్లగా అటూ ఇటూ జరిపాడు. "చేతికేమీ తగల్లేదే" అన్నాడు.

"చేతికేం తగుల్తాది? కండ్లు కనపడనోనివి, దీని జోలికెందుకు పోయినావు?"

వీధి వీధంతా విన్నది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు. నాకు చిన్నప్పటి నుంచీ నోటి దురుసు ఉంది, దాన్ని నిజాయితీ అనుకుని మురిసిపోయే జబ్బు కూడా ఉంది. నాయన గుడ్డను నాలుగు మడతలు పెట్టి గడప పక్కన ఉంచి లోపలికి వెళ్లిపోయాడు.

నాకప్పుడు ఆయన మీద జాలి లేదు. షావుకారు మొహమే కళ్లముందు ఆడుతోంది. నాతో పాటు బడికి వెళ్లినవాడు ఒకడు మగ్గం మానేసి హైవే పక్కన కార్లు కడిగి పాలిష్ పట్టే షెడ్డులో చేస్తున్నాడు. ఫోను చేస్తే గంటలో సంచీ తగిలించుకుని వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి, ఒక గీత మీద అడ్డంగా గోరు జరిపి చూశాడు.

"గోరుకు తగల్లేదు. పైపైవే. మిషను అక్కర్లేదు, చేత్తోనే పోతాయిలే" అన్నాడు. మళ్లీ బానెట్టు వైపు చూసి, "ఒక్క పూటలో ఇన్ని పడినాయా?" అన్నాడు.

"మా నాయన చెయ్యి అట్లాంటిది" అన్నాను విసుగ్గా. వాడు సంచీ విప్పాడు.

ముందు కడగాలన్నాడు. ఇంట్లో దాచుకున్న నీళ్లలోంచి ఆరు బిందెలు తెచ్చాను. ఒక బకెట్టులో సబ్బు నీళ్లు, ఒక దాంట్లో మంచినీళ్లు పెట్టుకుని పైనుంచి కిందకు కడిగాం. రేణువు మిగిలినా కొత్త గీత పడుతుందని నాలుగు సార్లు చెప్పాడు. నీడలోకి తోసి, ఆరబెట్టి, జానెడు చోటు ఎంచుకున్నాడు. మెత్తని స్పాంజి బిళ్ల మీద శనగ్గింజంత పాలిష్ పెట్టి, ఒత్తకుండా, అటూ ఇటూ, ఒక వరస మీద మరో వరస సగం ఎక్కేలా రుద్దాడు. శుభ్రమైన బొచ్చు గుడ్డతో తుడిచి, సెల్‌ఫోను లైటు వేసి చూపించాడు. అక్కడ గీత లేదు. మిగతా చోటికి నన్ను పురమాయించాడు. నేను గట్టిగా రుద్దుతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నిదానంగా అప్పా. గీతను పీకేసేది కాదిది. గీత చుట్టూ ఉండే పూతను సన్నంగా అరగదీసి దాని లోతుకు తెచ్చేది. కసిగా రుద్దితే పూతే పోతాది. మళ్లీ రాదు."

గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం నా స్వభావం. అయినా ఆ రోజు నా జన్మలో లేనంత ఓర్పుగా రుద్దాను. జానెడు జానెడు చొప్పున మధ్యాహ్నం దాటేదాకా. మధ్యలో నా భార్య చుక్కల మందు సీసా పట్టుకుని గడపలోకి వచ్చింది. "పది గంటలకు వేయాల్సింది, నువ్వు వేస్తావనుకుని నేను ఊరకున్న్యా. ఆ కారుకు చూపిచ్చే నిదానం మామకు చూపిచ్చింటే బాగుండు" అని లోపలికి పోయింది. వినపడనట్టే పని చేసుకున్నాను. వినపడింది.

సాయంత్రం కారు తీసుకుని షావుకారింటికి పోయాను. ఆయన వసారాలోంచి లేచి వచ్చి కారు చుట్టూ తిరిగాడు. బానెట్టు దగ్గర ఆగి, వంగి, ఎండకు అడ్డంగా చూశాడు. "ఏమప్పా, దీనికేం జేసినావు?" అన్నాడు. తప్పు ఒప్పుకుందామని నోరు తెరవబోతుంటే ఆయనే అన్నాడు. "ఆ సుళ్లన్నీ యాడికి పోయినాయి? మా డ్రైవరు దినామూ ఎండుగుడ్డ పెట్టి తుడిచి తుడిచి చేసినవి. రెండేండ్ల నుంచి ఉండాయి. నల్ల కారంటే ఇంతేలే అని నేను ఇడిసిపెట్టినా. కొత్తదాని మాదిరి చేసినావు కదప్పా!"

తాళం ఆయన చేతిలో పెట్టాను. నడుచుకుంటూ ఇంటికొచ్చాను. చీకట్లో తెచ్చుకున్న కారు, దుమ్ము కింద రెండు రోజులు తోలిన కారు. నేను దాన్ని వెలుతురులో చూసిందే లేదు. నాయన గుడ్డ కూడా ఒకటో రెండో గీతలు పెట్టి ఉండొచ్చు, కాదనను. కానీ కళ్లున్న నేను చూడకుండా అరిచాను. కళ్లు లేని ఆయన నా మాటే నమ్మి, తానే చేశానని తల వంచుకుని లోపలికి పోయాడు. అదే నన్ను ఇప్పటికీ కోస్తుంది.

చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. సిగ్గు. చివరికి ఆయన కండె చుడుతుంటే పక్కన కూర్చుని, "నాయనా, ఆ గీతలు నీవి కాదంట. ముందు నుంచీ ఉండేవంట" అన్నాను.

ఆయన చెయ్యి ఆపలేదు.

"గీతలు నావి కాకపోతే ఏమప్పా. మాట నీదే కదా" అన్నాడు.

నెలన్నర గడిచింది. చూపు బ్రహ్మాండంగా ఉంది, పని చేసుకోవచ్చని డాక్టరు చెప్పాడు. నేను కొత్త వార్పు ఎక్కించి, ఆయన కూర్చునే చోట దిండు కూడా వేయించాను. "కూర్చో నాయనా" అంటే, "చూద్దాంలే" అన్నాడు. మర్నాడూ అదే మాట. నేను బతిమాలలేదు. బతిమాలి ఉండాల్సింది.

మొన్న పొద్దున పాల ప్యాకెట్టు కోసం బయటికొచ్చి నడుస్తుంటే, మా వరసలోనే నాలుగో ఇంట్లో మగ్గం ఆడుతోంది. రెండు దెబ్బలు దగ్గరగా, మూడోది కాస్త ఆగి. అట్లా కొట్టేవాడు మా వీధిలో నాయన ఒక్కడే. తలుపు తీసే ఉంది. లోపలికి పోయి పిలుద్దామని గడప దాకా వెళ్లాను. ముఖం చెల్లలేదు. పాలు తీసుకుని ఇంటికొచ్చి, ఆయన కోసం ఎక్కించిన వార్పు మీద నేనే కూర్చున్నాను.