ఇంజిన్ మింగిన చామంతి దండ

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి తెలియనిదంటూ ఉండదు. ఆ రోజుల్లో నేనూ అంతే. గల్ఫ్‌లో, వాడి కబీర్ అనే పేటలో ఒక ఇండియన్ స్కూల్లో ఫిజిక్స్ టీచరుగా కొత్తగా చేరి, తొలి టర్బోజెట్ ఇంజిన్ల కథ గుక్క తిప్పుకోకుండా చెప్పేవాణ్ణి. వేడికి ఇంజిన్ లోపలి చక్రం రెక్కలు విరగడం, కారిన ఇంధనం లోపల చేరి ఇంజిన్ కట్టేసినా ఆగకపోవడం, తయారుచేసినవాళ్లే భయపడి పరుగెత్తడం, అన్నీ కళ్లారా చూసినట్టే. (నేను చూసిన జెట్ ఇంజిన్ విమానం కిటికీలోంచి కనిపించినదొక్కటే.) నా ప్రొబేషన్ ఇంకో నెలలో ముగుస్తుందనగా ప్రిన్సిపల్ మేడమ్, "చెప్పడం బాగుంది, ఒకటి నడిపి చూపించండి" అన్నారు. ఇక ఉద్యోగం ఉంటుందో, సూట్‌కేసు సర్దుకోవాలో ఆ ఇంజినే తేల్చాలి.

ఆదుకున్నది పక్క వీధి గ్యారేజీలో పనిచేసే జగిత్యాల మనిషి. లారీ ఇంజిన్లలోకి గాలి నెట్టే టర్బోలు బాగుచేస్తాడని అందరూ టర్బో మామ అనేవారు. తుక్కులో దొరికిన టర్బోకి స్టీలు గొట్టం అతికించి, గ్యాస్ పైపు కలిపి, నాలుగు శుక్రవారం సెలవుల్లో ఇంజిన్ తయారుచేశాడు.

నడిపి చూపించే రోజు, మేడమ్ వచ్చేలోపే గ్యారేజీ పెరట్లో పిల్లల్ని గోడ వెనక నిలబెట్టాను. "కొబ్బరికాయ కొడ్దామా సార్" అన్నాడు మామ. "ఇది సైన్సు మామా" అని కసిరాను. ఆయన గ్యాస్ సిలిండర్ వైపు తిరగ్గానే, రూవీ బజారులో కొని సంచిలో దాచుకున్న చామంతి దండ తీసి ఇంజిన్ మూతికి వేశాను. నాకు అంత భయంగా ఉంది మరి.

మేడమ్ రాగానే, గాలి ఊదే బ్లోయర్ పెట్టి మంట అంటించాం. ఇంజిన్ ఈల వేసింది. బ్లోయర్ తీసేసినా దానంతటదే తిరిగింది. పిల్లలు చప్పట్లు కొడుతుండగానే సగం దండ గుటుక్కున మింగి, మాడిన రేకులు వెనక నుంచి మేడమ్ చీర మీదికి ఊది, దగ్గి ఆగిపోయింది.

మిగిలిన దండ ముక్క చేతిలోకి తీసుకుని, "ఇది ఎవరు వేశారు?" అన్నారు మేడమ్. నేను వంగి గొట్టం పరీక్షిస్తున్నట్టు నటించాను.

"నేనే మేడమ్. సార్ వద్దంటనే ఉన్నడు, నేనే ఇనలే" అన్నాడు మామ.

ఉద్యోగం ఖాయమైంది. సిగ్గు మాత్రం మిగిలింది. కొన్నేళ్లకు మామ వీసా కాన్సిల్ చేసుకుని ఊరికి వెళ్లిపోయే ముందు, చాయ్ తాగుతూ క్షమించమని అడిగాను.

"మేడమ్‌కు గప్పుడే తెల్సు సార్" అని నవ్వాడు. "తెల్లారి గ్యారేజీకొచ్చింది. నీ చెయ్యి తాకితే దండకు గ్రీజు అంటాలె గద, ఒక్క మరకన్న లేదేంది అన్నది."

"మరి నన్నెందుకు ఉంచారు?"

"నేనూ అడిగిన. గింత భయమున్న సారైతే పిల్లలను గోడ ఎన్కనే నిలబెడ్తడు, ఉండనీ అన్నది."

ఇప్పుడు ఆ పాఠం చెప్పేటప్పుడల్లా, దండ వేసింది నేనేనని ముందే చెప్పేస్తాను. పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఆ కుర్ర మాస్టారి మీద నాకిప్పుడు కోపం లేదు, కాస్త జాలి ఉంది. క్లాసు అవగానే మామకు ఫోన్ చేస్తాను.