చెయ్యి చాపనిదే మలుపు తిరగని మనిషి

మా ఆయన టోర్కిల్ నడిచేటప్పుడు చేతులతో సిగ్నల్ ఇస్తాడు. కుడికి తిరగాలంటే కుడి చెయ్యి, ఎడమకి తిరగాలంటే ఎడమ చెయ్యి బారుగా చాపుతాడు. ఆగాలంటే అరచెయ్యి పైకెత్తి, ఓ క్షణం అలాగే ఉంచి, ఆ తర్వాత ఆగుతాడు. సైకిలెక్కినప్పుడు ఇలా చెయ్యని వాళ్ళు మా డెన్మార్క్‌లో ఎవరూ ఉండరు. రొట్టెల కొట్లోనూ, చర్చిలోనూ, సొంత వంటింట్లోనూ కాలినడకన పోతూ కూడా చేసే మనిషి మాత్రం దేశం మొత్తానికీ ఒక్కడే. ఆ ఒక్కడూ నాకే దొరికాడు.

మా ఊరు టిస్టెడ్‌లో బడి పిల్లల్ని సైకిల్ పరీక్షకి తయారు చేసిన మాష్టారు లెండి. ఉద్యోగం వదిలాడు కానీ పాఠం వదల్లేదు. ఓసారి కిరాణా కొట్టులో పాల వరస దగ్గర ఎడమకి తిరుగుతూ చెయ్యి చాపితే, పాస్టరు గారి భార్య టోపీ ఎగిరి వెన్న డబ్బాల మధ్య పడింది. ఆవిడ కళ్ళెర్రజేస్తే ఈయన క్షమాపణ చెప్పలేదు సరికదా, ముందు వెళ్ళేవాళ్ళకి కాస్త దూరంగా నడవాలండీ అని పాఠం చెప్పి వచ్చాడు. ఆ తర్వాత చాలాకాలం ఆవిడ చర్చిలో మా వెనక వరసలో కూర్చోలేదు.

అతని లెక్కన లోకంలో గొడవలన్నీ చెప్పకుండా తిరగడం వల్ల వచ్చినవే. ఎదురింటి దంపతులు విడిపోయారని తెలిస్తే, "ఇద్దర్లో ఒకళ్ళు చెయ్యి చూపించకుండా తిరిగుంటారు" అన్నాడు. ప్రభుత్వం పడిపోయినా అదే మాట. మా పిల్లి ఇల్లొదిలి చేపల కొట్టువాడి దగ్గర చేరినప్పుడు కూడా అదే మాట అన్నాడు. పిల్లి ఎలా చూపిస్తుందని అడిగితే, తోకుందిగా అన్నాడు.

ఇదంతా ఎలాగోలా భరించాను. పోయిన ఏడాదినుంచి మాత్రం మరీ ముదిరింది. చేతులు ఇదివరకటికంటే వెడల్పుగా, నిదానంగా చాపుతున్నాడు. చాపినవి ఎంతసేపటికీ దించడు. దానికి తోడు రోడ్డు పనివాళ్ళు వేసుకునే మెరిసే పసుప్పచ్చ కోటొకటి కొనుక్కొచ్చాడు. వయసు మీదపడి మనిషికి మతి చలించిందనుకున్నాను. అదీ నా రాతలో ఉందన్నమాట అనుకున్నాను.

నా రాతలో అంతకంటే పెద్దదే ఉంది. కళ్ళ డాక్టరు చెప్పాడు. పక్కచూపు పోతోందట, రానురాను గొట్టంలోంచి చూస్తున్నట్టు అవుతుందట, మందు లేదట, సైకిలు మానెయ్యాలట. ఈ చివరి ముక్క అతను చాలా తేలిగ్గా చెప్పాడు. నేను నడక కంటే ముందు సైకిలు నేర్చుకున్నానని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. మోకాళ్ళ నొప్పని టోర్కిల్‌తో అబద్ధమాడి సైకిల్ని షెడ్డులో పెట్టి తాళం వేశాను. కళ్ళ మాట ఎత్తలేదు.

ఎందుకంటే మా అమ్మకీ ఇదే జబ్బు. మా నాన్న ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఊరంతా తిప్పేవాడు. ఎంత మంచివాడో అని అందరూ మెచ్చుకున్నారు. మంచివాడే. కానీ అమ్మని ఎవరేం అడిగినా జవాబు నాన్నే చెప్పేవాడు. చివరికి జనం అమ్మని అడగడమే మానేశారు. ఆవిడ పక్కనే నిలబడి ఉండగా, ఆవిడకి చలేస్తోందా అని నాన్నని అడిగేవాళ్ళు. అలా బతకడం నావల్ల కాదు. నాన్నని తలుచుకుంటే ఇప్పటికీ నా మోచేతికి కోపమొస్తుంది.

అందుకని ఓడెన్స్‌లో ఉన్న మా అక్క ఎల్నాకి అంతా ఉత్తరం రాసి, ఆవిడ దగ్గరే ఉండిపోయేలా ఏర్పాటు చేసుకున్నాను. ఆవిడకి భర్త పోయాడు, మేడమీద గది ఖాళీగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఎవర్నీ పట్టించుకున్న పాపాన పోలేదు. నాకు కావలసిందీ అదే. రెండు మూడు రోజులు కోపెన్‌హేగన్ వెళ్ళొద్దామని టోర్కిల్‌తో నేనే అన్నాను. అక్కడ ఏం చూడాలన్నా నడిచే వెళ్ళొచ్చు, కళ్ళుండగానే ఇంకోసారి చూసినట్టుంటుంది. తిరుగు రైలు ఓడెన్స్ మీదుగానే వస్తుంది. రైలాగాక విషయం చెప్పి దిగిపోతాను. రైలు అక్కడ ఆట్టేసేపు ఆగదు కనక గొడవ కూడా ఆట్టేసేపు ఉండదు.

కోపెన్‌హేగన్‌లో దిగీ దిగగానే టోర్కిల్ చెయ్యెత్తి ఆగాడు. ఓ టాక్సీ కూడా ఆగింది. ఎక్కమని డ్రైవరు, నడవడానికే వచ్చామని ఈయన, మరి చెయ్యెందుకెత్తావని డ్రైవరు, ఆగడానికని ఈయన. డ్రైవరు నా వంక జాలిగా చూశాడు. ఆ చూపు మాత్రం నాకు స్పష్టంగా కనిపించింది.

తర్వాత పాత ఊళ్ళోకి నడిచాం. కాసేపటికి వెనక అడుగుల చప్పుడు ఎక్కువైనట్టు తోచి తిరిగి చూస్తే, ఏ దేశం వాళ్ళో, ఓ గుంపు మాతో వస్తోంది. పసుప్పచ్చ కోటు, పైకెత్తిన చెయ్యి చూసి వాళ్ళు ఈయన్ని గైడనుకున్నారు. వదిలించుకుందామని సందుల్లోకి తిరిగాం. కానీ మా మాష్టారు ప్రతి సందు దగ్గరా మర్యాదగా చెయ్యి చాపుతుంటే వాళ్ళెక్కడ తప్పిపోతారు? చివరికి టోర్కిల్ అవసరం కొద్దీ ఊరివాళ్ళందరి కోసం కట్టిన మరుగుదొడ్డి ముందు ఆగాడు. వాళ్ళు దాన్ని ఫొటోలు తీసుకున్నారు.

భోజనం దగ్గర ఇంకో వైభవం. కుర్చీలోంచి లేచే ముందు చెయ్యెత్తాడు. సర్వరు ఓ చిన్న గ్లాసు స్నాప్స్ పోసి వెళ్ళాడు. పోసిన సారా వదిలేస్తే బాగుండదని తాగేసి, మళ్ళీ లేవబోతూ చెయ్యెత్తాడు. మళ్ళీ గ్లాసు వచ్చింది. ఎన్నిసార్లయిందో నేను లెక్కపెట్టలేదు. బయటికొచ్చేసరికి రెండు చేతులూ ఒకేసారి చాపి, ఎటు తిరగాలో తేల్చుకోలేక గుమ్మంలో నిలబడిపోయాడు. లోపలికొచ్చేవాళ్ళు ఆయన చంకల కింద నుంచి దూరి వచ్చారు.

హోటలుకి చేరాక నా ఓపిక అయిపోయింది. రేపు పొద్దుటినుంచీ చేతులు జేబుల్లో పెట్టుకు నడవమన్నాను.

"రోజంతానా?" అన్నాడు.

"రోజంతా. నాకు సిగ్గుగా ఉంది."

నా మొహంలోకి చూశాడు. "నీకు ఇబ్బందవుతుందేమో, రిగ్మోర్."

"నాకా? నాకు ప్రాణం హాయిగా ఉంటుంది."

మాట ప్రకారం పొద్దున్నే చేతులు జేబుల్లో దోపుకున్నాడు. ఎప్పట్లాగే నాకంటే ఒకడుగు ముందు నడిచాడు. రొట్టెల కొట్టు దగ్గర అతను లోపలికి తిరిగి మాయమైతే, నేను అటూ ఇటూ వెతుకుతూ పోయి పక్కనున్న దీపస్తంభాన్ని గుద్దుకుని, దానికి క్షమాపణ చెప్పాను. చెరువుల మీది వంతెన దగ్గర అతను హంసల్ని చూడ్డానికి ఆగితే, కాళ్ళ దగ్గరే చూసుకుంటూ వెళ్ళి వీపుకి తగిలాను. తప్పుకోబోయి ఓ అడుగు పక్కకి వేశాను. పక్కన సైకిళ్ళ బాట ఉంది. పొద్దున పూట ఆ వంతెన మీద ఊరంతా సైకిళ్ళ మీదే పనికి పోతుంటుంది. గంటలన్నీ ఒక్కసారి నా మీద పడ్డాయి. సైకిలు ముందున్న పెట్టెలో పిల్లల్ని కూర్చోబెట్టుకున్న ఒకమ్మాయి నా చీలమండ దగ్గర బ్రేకు వేసింది.

"కళ్ళు కనపడట్లేదా, ముసలమ్మా?"

అది తిట్టు. తిట్టుకెవరూ జవాబు చెప్పరు. నేను చెప్పాను.

"లేదమ్మా. కనపడట్లేదు."

ఆ మాట పైకి అనడం నాకదే మొదటిసారి. ఆ పిల్ల మొహం పాలిపోయి, ఏదో గొణిగి వెళ్ళిపోయింది. టోర్కిల్ జేబుల్లోంచి చేతులు తియ్యకుండా అక్కడే నిలబడి ఉన్నాడు. మాటిచ్చాడు కదా మరి.

నీళ్ళ పక్కన బెంచీ మీద కూర్చున్నాం. మేం జట్లాండ్ వైపు మనుషులం, మాట్లాడితే ఏదో అరిగిపోతుందన్నట్టుంటాం.

"తెలుసు" అన్నాడు చివరికి.

"ఎప్పట్నుంచి?"

"కప్పు పక్కన కాఫీ పోసి కప్పుని తిట్టావే, అప్పట్నుంచి."

"మరి చెప్పవేం?"

"నువ్వు చెప్పలేదుగా. నీకు చెప్పాలని లేదేమో అనుకున్నా." బూట్ల వంక చూసుకున్నాడు. "మీ నాన్నలా మోచెయ్యి పట్టుకుంటే నన్నీ నీళ్ళలోకి తోసేసేదానివి. అందుకని ముందు నడుస్తున్నా. కొట్లో అన్నిటికంటే కొట్టొచ్చినట్టు కనపడే కోటేదని అడిగి కొన్నా. చేతులు కూడా కాస్త పెద్దగా చాపుతున్నా. అంతే."

నాకేమీ ప్రేమ పొంగి రాలేదు. ఒళ్ళు మండింది. ఏడాదంతా నేను దాచిపెడుతున్నాననుకుంటే, ఈయన నాకంటే బాగా దాచాడు. నన్ను దారి తప్పనివ్వకుండా ఊళ్ళన్నీ తిప్పుతూ, నా నోటితోనే పిచ్చివాడని తిట్టించుకున్నాడు. అంత మంచితనం ఇంట్లో పెట్టుకుని బతకడం ఎంత కష్టమో ఎవరికీ తెలీదు. మనసారా తిట్టుకోవడానికి కూడా ఏమీ మిగల్చలేదు.

"ఇప్పుడు తోసెయ్యాలనుంది" అన్నాను.

"చల్లగా ఉన్నాయి నీళ్ళు" అన్నాడు.

మర్నాడు తిరుగు రైల్లో అతను రై రొట్టె మీద హెర్రింగ్ చేప పెట్టుకుని ప్రశాంతంగా తింటున్నాడు. ఓడెన్స్ దగ్గరపడుతోంది. ఎల్నా స్టేషన్‌కొస్తానంది. అనుకున్నట్టే లేచి, బ్యాగు తీసుకుని దిగిపోవచ్చు. లేచాను కూడా. లేచి, ఏ దయ్యం పట్టిందో, కుడి చెయ్యి బారుగా చాపాను. పక్క వరసలో పెద్దాయన పేపరు చిరిగింది.

టోర్కిల్ నమలడం ఆపాడు. "ఎటు?"

"ఇక్కడ దిగి ఎల్నా దగ్గర ఉండిపోదామనుకున్నా."

"ఎన్నాళ్ళు?"

"ఎప్పటికీ."

అతను రొట్టె కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "నాకెప్పుడు చెబుదామనుకున్నావు?"

"రైలాగాక."

"చాలా ఆలస్యం, రిగ్మోర్. మలుపు ఇంకా దూరంగా ఉండగానే చూపించాలి. పరీక్షలో అయితే తప్పించేవాణ్ణి." అంటూనే లేచి రెండు బ్యాగులూ దించాడు. "సరే, చాపావుగా, ఇక తిరగాలి. చాపి తిరక్కపోతే వెనకున్నవాళ్ళు తికమకపడతారు."

వద్దనేలోపే రైలాగింది. ఇద్దరం దిగాం.

ప్లాట్‌ఫారం మీద ఎల్నా మా ఇద్దర్నీ చూసి తెల్లబోయింది. గదికి కొత్త తెరలు కట్టానని చెబుతూ, వచ్చీరాగానే నా మోచెయ్యి పట్టుకుంది. జీవితంలో ఎవర్నీ పట్టించుకోని మా అక్క. పట్టుకుని, నా తల మీదుగా టోర్కిల్‌ని అడిగింది.

"ఇది మేడమెట్లు ఎక్కగలదా?"

టోర్కిల్ బ్యాగులు కింద పెట్టాడు.

"నన్నడుగుతావేంటి వదినా? ఆవిడిక్కడే ఉంది. ఆవిణ్ణే అడుగు."

ఎల్నా నన్నడగలేదు. అలవాటు లేదు పాపం. నేనే మోచెయ్యి విడిపించుకుని, మెట్లు ఎక్కగలననీ, కాఫీ కూడా తాగుతాననీ, తర్వాతి రైలుకి మా ఊరెళ్తాననీ చెప్పాను. తెరలు వృథా అయ్యాయని ఆవిడ మొహం ముడుచుకుంది. ఈనాటికీ విప్పలేదు.

నా కళ్ళు బాగుపడలేదు, పడవు కూడా. ఆ గొట్టం నెలనెలా ఇంకాస్త ఇరుకవుతోంది. పక్కల ఉండే చెట్లూ, గుమ్మాలూ, పాస్టరు గారి భార్యా ఒక్కొక్కరే సెలవు తీసుకుంటున్నారు. తిన్నగా ఎదురుగా ఉన్నది మాత్రం ఇంకా శుభ్రంగా కనపడుతోంది. నా ఖర్మ కొద్దీ, అక్కడెప్పుడు చూసినా టోర్కిలే ఉంటాడు.