మెత్తటి గుడ్డ చుట్టిన కళ్లెం

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. గాలి ఆ తలుపులోంచి కొడుతుంది, ఇటు గోడవైపు రండి. చేతిలో పని ఉంటే ఉండనివ్వండి, చిక్కుడుకాయలు ఒలుస్తూ కూడా వినవచ్చు. గుట్ట మీద గుర్రాల మధ్య నేను ఉండి వచ్చిన రోజుల సంగతి చెబుతాను.

నా పెళ్లయిన రెండో ఏడు, శ్రావణమాసంలో, సీతాఫల్‌మండిలో మేము అద్దెకున్న ఇంటి వెనక గోడ వానకు నాని కూలింది. మా ఆయన రొట్టెల బట్టీలో పనిచేసేవాడు, అక్కడే పిండి బస్తాల పక్కన పడుకుంటానన్నాడు. ఆడమనిషి అక్కడ ఉండడం కుదరదు కదా. గోడ లేచేదాకా నన్ను మా మేనమామ ఇంటికి పంపాడు.

మామ బోయిన్‌పల్లి దాటాక ఒక రాళ్లగుట్ట మీద గుర్రాల తోటలో పనిచేసేవాడు. ముప్పై ఏళ్లుగా అదే పని. తోట యజమాని సికింద్రాబాదులో పెద్ద ఇంట్లో ఉండే పెద్దాయన. అందరూ ఆయన్ని మాలిక్ అనేవారు. పదీ పన్నెండు గుర్రాలుండేవి. వాటిని కనిపెట్టుకుని ఉండడానికి మామకీ అత్తకీ గుట్ట మీది పాత ఇల్లు ఇచ్చారు.

ఆ ఇల్లు ఎప్పుడో తెల్లదొరల పటాలం కాలంలో కట్టిందట. రాతిగోడలు ఎంత మందమంటే, కిటికీలో నేను కాళ్లు ముడుచుకుని కూర్చునేదాన్ని. పైన టేకు దూలాలు, పెంకులు. గదిలోనే ఒక మూల పొగ పోయే గూడు ఉండేది. చలికాలం దొరలు అందులో మంట వేసుకునేవారట. అత్త అందులో తొక్కు జాడీలు పెట్టింది. నేను పడుకున్న గది ఒకప్పుడు గుర్రాలను కట్టిన గదేనట, గోడకు ఇనుప కడియాలు అట్లాగే ఉన్నాయి. ఒకదానికి నా చీరలు వేలాడదీసుకున్నాను. వాన పడితే పెంకుల మీద చప్పుడు, ఆగితే గుర్రాలు గడ్డి నమిలే చప్పుడు. గుట్టకొన మీద నిలబడితే దూరంగా రైలు పొగ కనిపించేది. ఇళ్ల వరుసల్లో పుట్టిపెరిగిన నాకు అంత ఆకాశం ఒక్కచోట చూడడం అదే మొదలు.

ఒక్కటే ఇబ్బంది, అత్త నోరు. పొద్దున లేస్తే రేడియోలాగా మాట్లాడుతూనే ఉండేది. కనబడే ప్రతిదాన్నీ పైకి చెప్పేది.

"అగో, గడ్డి బండి వచ్చింది. ఇద్దరే ఉన్నరు ఇయ్యాల. నల్లగుర్రం నీళ్ల తొట్టి కాడ నిలబడ్డది. ఇగో, బిందె గడప మీద పెట్టిన, కుడిదిక్కు."

రెండో రోజు ఉండబట్టలేక అన్నాను. "అత్తా, అవన్నీ మాకు సుత కనబడ్తున్నయి గదా!"

అత్త నన్ను వంటగదిలోకి లాగి తలుపు మూసింది.

"మీ మామకు కనబడ్తలేదే," అంది.

నేను నమ్మలేదు. మామ పొద్దున నా ఎదురుగానే గుర్రాలను కట్టే తబేలాకు నడిచి వెళ్లాడు. ఒక్కో గుర్రం మెడ తడిమి, గిట్ట ఎత్తి రాయి తీశాడు. నన్ను చూసి నవ్వాడు కూడా.

"ఇరవై ఆరు అడుగులు ఇక్కడికెల్లి తబేలాకు. ముప్పై ఏండ్లు నడిసిన తొవ్వ, కాలుకు ఎరుకే. గుర్రాలు ఊపిరికి ఎరుక, చెయ్యికి ఎరుక. కొత్త మనిషొస్తే నేను ముందుగాల మొత్తుకుంట, ఎవలొచ్చిన్రో ఏం రంగు అంగీ ఏసుకున్రో. లోకం నన్ను వదరుబోతు అంటది, అననియ్యి." అత్త కళ్లు తుడుచుకుంది. "మాలిక్‌కు ఎరుకైతే పని పోతది, ఇల్లు పోతది. పిల్లలు లేనోళ్లం, యాడికి వోతం? నీ మొగనికి సుత చెప్పకు. ఇంట్ల ఏదీ తావు మార్చకు. చెంబు సుత."

ఆ రోజు నుంచి నేను చెంబును కూడా కొలిచి పెట్టినట్టు పెట్టాను. అత్త లేనప్పుడు నేనూ మొత్తుకునేదాన్ని. "మామా, కొండముచ్చు వచ్చింది, గోడ మీద కూసుంది!" మామ గొంతు పెంచి, "నీ మేనత్తనా అది, పలకరించు," అనేవాడు.

పొద్దున మా పని ఉలవలు ఉడకబెట్టడం. పెద్ద గుండిగలో ఉలవలు గుర్రాలకు, పైన తేరిన కట్టు మాకు. ఆ కట్టుతో అత్త కాచిన చారు అన్నంలో పోసుకుంటే ఇంకో కూర అక్కరలేదు. ఆ చారు తిని రెండు నెలల్లో నా బుగ్గలు నిండాయి. మా ఆయన ఆదివారం వచ్చి, "గుర్రాల దాణా నీకే పెడ్తున్నరా ఏంది?" అని నవ్వాడు.

గుర్రాల్లో ఒక ఎర్రని ఆడగుర్రం ఉండేది. వయసు మళ్లినది, సాధువు. మాలిక్ మనవరాలు ఎనిమిదేళ్ల పిల్ల, ఆదివారం ఆదివారం వచ్చి దానిమీదే స్వారీ నేర్చుకునేది. ఆ గుర్రం నోరు చాలా మెత్తనట, ఇనుము తగిలితే ఒరుసుకుపోతుందట. ఆ సంగతి నాకు తరవాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

దసరా వచ్చింది. మన ఇళ్లలో ఆయుధ పూజకు పనిముట్లు కడగడం మామూలే కదా. మా నాన్న ఉలి, రంపం తోమి బొట్లు పెట్టేవాడు. అన్నం పెడుతున్న ఇంటికి నా చేతనైన సేవ చేద్దామని, ముందు రోజు మధ్యాహ్నం అత్త పువ్వుల కోసం బోయిన్‌పల్లి దిగినప్పుడు, మామ గుర్రాలకు నీళ్లు పెడుతున్నప్పుడు, జీన్ల గదిలోకి వెళ్లాను. కళ్లేలన్నీ మేకుల నుంచి దించాను. తోలు పట్టీలకు కుంకుడు రసం పెట్టి రుద్దాను. ఇత్తడి కొక్కేలకు చింతపండు పెట్టి బంగారంలా మెరిపించాను. నోట్లో పెట్టే ఇనుములన్నీ బూడిదతో తోమాను. ఒకదానికి మురికి పట్టి నల్లబడిన గుడ్డ చుట్టి ఉంది, గుర్రం చొంగ ఎండి గట్టిపడింది. ఛీ, పండగ పూట ఇదేంటని ఆ గుడ్డ విప్పి పొయ్యిలో వేశాను. ఏ కళ్లెం ఏ మేకుదో జాగ్రత్తగా గుర్తుపెట్టుకుని, దేని మేకుకు దాన్ని తగిలించాను. తావు మార్చలేదు కదా అని ధైర్యం.

కానీ పండగ పొద్దున పూజకోసం అత్తే అన్నింటినీ మేకుల నుంచి దించి చాప మీద పరిచింది. పసుపు, కుంకుమ, బంతిపూలు. అవి మెరవడం చూసి, "మా పిల్ల చెయ్యి వడితే ఇనుమన్నా నవ్వుతది," అని మురిసింది. గుడ్డ సంగతి ఆమెకూ తట్టలేదు, ఆమె కళ్లేల జోలికి ఎన్నడూ పోదు.

మాలిక్ మనవరాలితో కారు దిగాడు. "ఏమయ్యా, ఖుష్‌గున్నవా?" అని మామ భుజం తట్టాడు. చాప చూసి, "వా! అద్దాల లెక్క మెరుస్తున్నయి!" అన్నాడు. అత్త గారెలు తేవడానికి లోపలికి వెళ్లింది. పిల్ల గెంతుతూ, "నా గుర్రానికి కళ్లెం ఎయ్యి, పండగ నాడు సుత తిరగాలె," అంది.

మామ చాప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. దండం పెట్టుకుంటున్నాడని మాలిక్ అనుకుని ఉంటాడు. మామ వేళ్లు ఒక ఇనుము మీది నుంచి ఇంకో ఇనుము మీదికి పాకాయి. చివరిదాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చాయి. ఒక పట్టీ ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అన్నీ కుంకుడుకాయ వాసనే. అప్పుడు ముఖం నావైపు తిప్పాడు.  ఆ గుడ్డ ఏమిటో ఆ క్షణంలో తెలిసింది. మెత్తనినోటి గుర్రానికి ఆయన చుట్టుకున్న గుడ్డ అది, చేతికి గుర్తూ అదే. ఏది దాని కళ్లెమో నాకు తెలుసు. పైకి చెబితే, చూపున్నవాడికి నేనెందుకు చెబుతున్నానని మాలిక్ అడుగుతాడు. 

గుడ్డ చేతికి దొరక్క, మాలిక్ చూస్తుండగా ఇంక ఆగలేక, మామ ఒకటి తీసుకుని లేచాడు. అది నల్లగుర్రానిది. ఎర్రగుర్రం ఆయన చెయ్యి తగలగానే ఎప్పటిలాగే నోరు తెరిచింది. ఇనుము పడగానే తల విదిల్చింది. మామ వెంటనే తీసేశాడు. అయినా పెదవి మూల నుంచి రక్తం కారింది. పిల్ల, "దాదా, ఖూన్!" అని అరిచింది.

"ఏందిది?" మాలిక్ ముందుకొచ్చాడు.

నేను అడ్డం పడ్డాను. "నా తప్పు, మాలిక్! గుడ్డ సుట్టి ఉండె, నేనే విప్పి కాలవెట్టిన. అన్నీ కడిగి కలిపేసిన. మామకు ఏది ఏందో తెల్వకుండ చేసిన."

మాలిక్ నన్నూ, మెరిసే కొక్కేలనూ చూసి నవ్వేశాడు. "పోనీలే, పిల్ల ఎరుకలేక చేసింది. పండగ నాడు ఏడ్వకు బిడ్డా. వేరేది తొడుగయ్యా."

అంతే, అయిపోయింది. గండం గడిచింది. గారెల పళ్లెంతో గడపలో నిలబడ్డ అత్త ఊపిరి వదలడం నాకు వినిపించింది.

మామ వేరేది అందుకోలేదు. గుర్రం పెదవి మీద వేలు పెట్టి తడి చూశాడు. వేలు వేలుకు రాసుకున్నాడు.

"పిల్ల తప్పు గాదు, మాలిక్," అన్నాడు. "కడిగితే ఏంది, కండ్లున్నోనికి ఏది ఏ గుర్రందో కనబడ్తది. నాకు కనబడ్తలేదు."

"జెర మసక గిట్లనా?"

"మసక గాదు. మీ మొకం చూడక మూడు వానకాలాలైంది."

మాలిక్ ముఖం ఎర్రబడింది. "మూడేండ్లా? మూడేండ్ల సంది నా పిల్ల కూసునే జీను నువ్వే కడ్తున్నవ్ గదయ్యా!"

"అందుకే చెప్తున్న. జీను పట్టీ కాడ నా చెయ్యి ఎన్నడు తప్పలే. ఇయ్యాల కళ్లెం కాడ తప్పింది. రేపు పట్టీ కాడ తప్పితే?"

 మాలిక్ మనవరాలి చెయ్యి పట్టుకుని కారెక్కాడు. ఏటేటా మామ చేతి నుంచి తీసుకునే జమ్మి కూడా తీసుకోలేదు.

కారు గుట్ట దిగాక అత్త మామ మీద విరుచుకుపడింది. "ఆ పిల్ల నెత్తిన ఏసుకుంది గదా! మాలిక్ నమ్మిండు గదా! నీకేం తొందరొచ్చింది?"

"గుర్రం నన్ను నమ్మి నోరు తెరిచింది," అన్నాడు మామ. 

నేను రెండు రోజులు అన్నం ముట్టలేదు. మామే వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఇగ సాలు తియ్యి. ఇత్తడి అద్దాల లెక్క మెరుస్తుందన్నడు గద మాలిక్. తోలుకు కుంకుడు రసం పెట్టి బిరుసు జేసినందుకు తిట్టాలె, అది వేరే ముచ్చట," అన్నాడు. ఏడుపులో నవ్వొచ్చింది. అత్త మాత్రం గుండిగలు, జాడీలు మూటలు కట్టడం షురూ చేసింది.

నాలుగో రోజు మాలిక్ ఒక్కడే వచ్చాడు. అరుగు రాతి మీద కూర్చుని మామను పక్కన కూర్చోమన్నాడు. అత్త మొత్తుకోలేదు, ఇంక ఎందుకు? మాలిక్ అన్నాడు. "కోపమొచ్చింది. మస్తు వచ్చింది. మళ్ల ఆలోచన జేసిన, నువ్వు చెప్పకుంటే నాకు ఎరుకనే గాకుండె. కండ్ల దవాఖానల మాట్లాడొచ్చిన. మోతియా అట, కంట్ల పొర, తీస్తరట."

మామ జంకాడు. "కత్తి పెడ్తరు గద మాలిక్."

"గుర్రం గిట్టకు కత్తి పెట్టేటప్పుడు దాన్ని అడిగినవా?" అంది అత్త.

"ఒక్కటి," అన్నాడు మాలిక్. "చూపొచ్చినా పిల్ల కూసునే గుర్రానికి జీను నువ్వు కట్టవు. వేరే మనిషిని పెడ్త. నా మనసు ఒప్పుకుంటలేదు." మామ తల వంచి ఊపాడు. మాలిక్ లోపలి మూటలు చూశాడు. "గివేంది? ఇల్లెందుకు ఖాళీ జేస్తరు? పుట్టే గుర్రప్పిల్లలను ఎవరు చూస్తరు?"

మా ఇంటి గోడ అప్పటికే లేచింది. మా ఆయన పిలుస్తున్నా, అత్తకు తోడని కార్తీకం దాకా ఉండిపోయాను. దవాఖానలో పొర తీశాక కుడికంటికి చూపు వచ్చింది. ఎడమకంటికి రాలేదు. లావు అద్దాలు పెట్టిన రోజు మామ అత్తను తేరిపార చూసి, "గీ ముసల్ది ఎవరు? నా పెండ్లామేది?" అన్నాడు. అత్త నెత్తి మీద మొట్టి, కొంగులో ముఖం పెట్టుకుని ఏడ్చింది.

గుట్టకు రాగానే మామ ముందు ఎర్రగుర్రం దగ్గరికి వెళ్లాడు. పెదవి మూల సన్నని తెల్లమచ్చ పడింది. దాన్ని చూశాడు, తరవాత కళ్లు మూసుకుని వేలితో తడిమాడు. ఆ పైన ఆయన పుట్టిన గుర్రప్పిల్లలను సాకాడు, దాణా చూశాడు, కొత్తమనిషికి పని నేర్పాడు. పిల్ల స్వారీకి వచ్చే ఆదివారాలు మాత్రం ఇంటి వెనక బండలెక్కి అవతలివైపు కూర్చునేవాడు. అత్త పిలిచేది కాదు.

చల్లగా ఉండండమ్మా. మీ ఇంట పెద్దల కళ్లు దీపాల్లా వెలగాలి. ఒకవేళ మసకబారినా, ఆ మాట భయం లేకుండా చెప్పుకునే ఇల్లు కావాలి మీది. చెప్పినవాళ్లకు గడప బయట చోటు చూపించకుండా, లోపల పీట వేసే మనసు మీ పిల్లాపాపలకు తరతరాలూ ఉండాలి.