ఒకే జబ్బు, రెండు రకాలు

చీరల కొట్టు నడిపేవాడికి రకం అనే మాట కొత్తేమీ కాదు. మాది నేతపని చేసిన ఇల్లు. అమీర్‌పేటలో కొట్టు పెట్టాక కూడా, అంచు రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే చాలు, ఏది అసలు పట్టో ఏది కాదో చెప్పేస్తాను. అలాంటి నాకు, మా పాప తలలో ఉన్నది ఏ రకమో తేలేదాకా ఆగమని పంజాగుట్టలో డాక్టరమ్మ చెప్పినప్పుడు ఒళ్లు మండిపోయింది.

పాపకు అప్పుడు నాలుగేళ్లు. జడ వేస్తుంటే మా ఆవిడ చేతికి మెత్తగా బుడిపె తగిలింది. ఎక్కడో కొట్టుకుందిలే అనుకున్నాం. తగ్గలేదు. ఎక్స్‌రేలో చూస్తే పుర్రె ఎముకకు చిల్లు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే మేమెన్నడూ వినని పేరు వచ్చింది, హిస్టియోసైటోసిస్ అని. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే గుంపుకట్టి ఒంటిని పాడుచేస్తాయట.

"ఎముకలో ఒక్కచోటే ఉంటే ఒక రకమండి. చాలా అవయవాల్లో ఉంటే ఇంకో రకం. అందులోనూ కాలేయం, ప్లీహం, ఎముక మజ్జ, వీటిలోకి వెళ్తే ప్రమాదం. ఒళ్లంతా స్కాన్ తీశాకే చెప్పగలను," అంది డాక్టరమ్మ.

"రకాలు నాకెందుకు మేడం? పిల్ల బతుకుతదా లేదా, గది చెప్పుండ్రి," అని గట్టిగానే అన్నాను.

"రకం తెలిస్తేనే అది చెప్పగలనండి," అందామె, గొంతు పెంచకుండా.

బయట బెంచీ మీద ఒకతను బాబును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. యూసుఫ్‌గూడలో కుట్టుమిషన్లు బాగుచేస్తాడట. బాబుకు తలంతా పొక్కులు, చెవిలోంచి చీము. చుండ్రనుకుని నెలల తరబడి నూనెలు రాశారు. వాళ్ల కాగితాల్లోనూ అదే పేరు. మా చుట్టాలెవరికీ నోరు తిరగని ఆ పేరు పలికే ఇంకో తండ్రి దొరికాడని నాకు ప్రాణం లేచొచ్చింది. కొద్దిరోజుల్లోనే ఒకరికొకరం కావలసినవాళ్లమయ్యాం. "మనదొక్కటే బీమారి భాయ్, మన పిల్లలు అక్కతమ్ముళ్ల లెక్క," అనేవాడు.

స్కాన్ సంగతి ఇద్దరికీ ఒకే రోజు చెప్తామన్నారు. ముందు మమ్మల్ని పిలిచారు. ఒక్క ఎముకే, మరెక్కడా లేదు. అక్కడ గీకేసి, అప్పుడప్పుడూ చూసుకుంటే సరిపోతుందట. మా ఆవిడ కుర్చీలోనే ఏడ్చేసింది. నేను డాక్టరమ్మకు రెండు చేతులెత్తి దండం పెట్టాను.

మేం బయటికి రాగానే అతనూ భార్యా బాబును తీసుకుని లోపలికి వెళ్లారు. ఇంటికి పోదామంది మా ఆవిడ. నాకు కాళ్లు రాలేదు. చాలాసేపటికి అతను వచ్చాడు.

"జిగర్ల ఉన్నదట భాయ్, తిల్లీల సుత. మావోనిది ఖత్రా ఉన్న రకమట. మస్తు రోజులు కీమో ఎక్కియ్యాలంట," అన్నాడు. కాలేయం, ప్లీహం. ఆ రెంటి పేర్లే మేం వినకూడదనుకున్నవి.

నాకు లోపల సంతోషం ఆగడం లేదు, ఆ సంతోషం నాకే రోతగా ఉంది. అతను మా ఆవిడ తేటపడిన ముఖం చూశాడు, పాపను చూశాడు. ఏమీ అడగకుండా బాబును భార్యకిచ్చి మెట్లు దిగిపోయాడు. ఏడవడానికి వెళ్లాడనుకున్నాను.

తిరిగొచ్చేసరికి చేతిలో మిఠాయి పొట్లం ఉంది. మంచి కబురు వింటే నోరు తీపి చేయడం మా ఇంట్లోనూ ఉంది, వాళ్లింట్లోనూ ఉంది. కానీ తీపి తేవాల్సింది కబురు అందుకున్నవాడు.

"నువ్వు తేవని నాకెరుకే, శరమైతది నీకు," అంటూ ఒక ముక్క నా నోట్లో పెట్టాడు. "తిను భాయ్. బిడ్డ దక్కింది."

అతను నా భుజం పట్టుకుని, వెనక ఉన్న భార్యకు వినపడకుండా, "రకం వేరైందని నన్ను ఇడ్సిపెట్టకు," అన్నాడు.