బాబ్జీ ఫోటోకి నిలబడిన పందెం

ఆ రోజుల్లో నాకు భయమంటే తెలియదని ఇప్పుడు చెబితే మా పిల్లలు నవ్వుతారు. వాళ్ళకు తెలిసిన నేను వేరు. రోడ్డు మీద గేదె అడ్డమొస్తే స్కూటీ ఆపి, దిగి, అది తోక ఊపుకుంటూ కాలవలోకి వెళ్ళి పడుకునేదాకా ఓపిగ్గా నిలబడే మనిషిని. ఆ మనిషే ఒకప్పుడు గుర్రమెక్కి పందెంలో జెండాలు పీకిందంటే నమ్మడం కష్టమే. నాకూ కొంచెం కష్టంగానే ఉంది. మరీ తాతలనాటి సంగతేమీ కాదు. అందరి చేతుల్లోకీ కెమెరా ఫోన్లు వచ్చి, ప్రతివాడూ ఫోటోగ్రాఫరైపోయిన కొత్తలు. నాకు తాడేపల్లిగూడెంలో ఒక బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం అందుకున్న మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టాలి కాబోలు. నాతో పాటు చేరిన అమ్మాయికి పట్టుచీరల పిచ్చి పట్టింది. ఆ చీరలు ఇప్పటికీ ఆవిడ బీరువాలో ఉన్నాయి. నాకు గుర్రాల పిచ్చి పట్టింది. అది ఇప్పటికీ నా నడుములో ఉంది.

మాది పెంటపాడు. నాన్న వరి పండిస్తారు, మాటలు పొదుపుగా వాడతారు. బ్యాంకుకి వెళ్ళే దారిలో ఒక రైసుమిల్లు వెనక, పోలీసు గుర్రాల దగ్గర పనిచేసి రిటైరైన ఒకాయన నాలుగు పొట్టి గుర్రాలను పెట్టుకుని స్వారీ నేర్పుతున్నారని తెలిసి, ఇంట్లో అడక్కుండానే చేరిపోయాను. ఆయన్ని అందరూ మాస్టారనేవాళ్ళు. సంగతి చెప్పినప్పుడు నాన్న భోజనం పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడు అన్నారు: "గుర్రమెక్కడం అంటే మగపిల్లాడు పెళ్ళినాడు ఒక్కసారి చేసే పనమ్మా. నీకు వారానికి మూడుసార్లెందుకు?" అమ్మ మాత్రం నా హెల్మెట్‌కి పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టి, వాహనపూజ అయిందనిపించింది.

నాకు దక్కిన గుర్రం పేరు బాబ్జీ. మంచివన్నీ ముందు చేరినవాళ్ళు పంచుకోగా మిగిలినవాడు. ("వాడు" అంటున్నందుకు ఏమీ అనుకోకండి, మాస్టారు అలాగే అనేవారు, నాకూ అదే అలవాటైంది.) తెల్లటి ఒళ్ళు, పొడుగాటి రెప్పలు, కొత్త అల్లుడి నడక. నెమ్మదిగా తవుడు తిని, నెమ్మదిగా ఉలవలు తిని, ఆ తర్వాత నా చున్నీ కొస కూడా అంతే నెమ్మదిగా తినేవాడు. ఎడమ చెవి కొసన చిన్న నొక్కు ఉండేది. అదేమిటని అడిగితే మాస్టారు "టపాకాయమ్మా" అని ఊరుకున్నారు. నా దగ్గరికి రాకముందు బాబ్జీ ఒక బ్యాండుమేళం ఆయన దగ్గర పెళ్ళికొడుకుల్ని మోసేవాడు. కాళ్ళ దగ్గర టపాకాయలు పేలుతుంటే, చెవి పక్కన బాకాలు ఊదుతుంటే, ఏళ్ళ తరబడి ఊరేగాడు. ఆ ఏడు మూఢం పొడుగ్గా వచ్చి ముహూర్తాలు లేకపోయేసరికి, ఊరికే మేపడం దండగని ఆయన వాణ్ణి మాస్టారి దగ్గర వదిలివెళ్ళాడు.

ఆదివారాలు మాస్టారు గుర్రాలను వ్యానెక్కించి ముదినేపల్లి అవతలకి, కొల్లేరు వైపు తీసుకెళ్ళేవారు. చేపల చెరువుల గట్ల మీద స్వారీ. గట్టుకి ఒకవైపు నీళ్ళు, రెండోవైపూ నీళ్ళే, కాబట్టి గుర్రం దారి తప్పే భయం లేదు. మొదటి ఆదివారం అంతా బాగానే సాగుతుండగా, ఎదురుగా మేత పడవ దగ్గర నిలబడ్డ ఒకాయన నన్ను చూసి ముచ్చటపడి ఫోను ఎత్తాడు. బాబ్జీ ఆగాడు. మామూలుగా ఆగడం కాదు. ఉన్నపళంగా ఆగి, కుడికాలు ముందుకు చాపి, మెడ వంచి, చెవులు నిక్కించి, ఫోను వైపు ఓరగా చూస్తూ బొమ్మలా ఉండిపోయాడు. నేను మాత్రం ఆగలేదు. వాడి మెడ మీదుగా వెళ్ళి, చేపల మేతకి తవుడు బస్తాలు వేలాడదీసే కర్ర ఒకటి చెరువులో ఉంటే దాన్ని కౌగలించుకున్నాను.

"అలాగే ఉండండి, చాలా బాగా వచ్చిందండీ!" అన్నాడు ఆ ఫోనాయన.

నన్ను పైకి లాగాక మాస్టారు విషయం చెప్పారు. "పెళ్ళిళ్ళ అలవాటమ్మా అది. ఫోటో తీసేటప్పుడు కదిలితే పెళ్ళికొడుకు కింద పడతాడని అలా నేర్పేశారు. ఎదుటివాళ్ళు ఫోను దింపేదాకా వీడు అడుగు వెయ్యడు."

"మరి ఎవరూ ఫోను ఎత్తకపోతేనండీ?"

"అప్పుడు వీణ్ణి పట్టేవాడు లేడమ్మా."

అది నిజం. తెల్లవారుజామున మిల్లు వెనక ఎవరూ లేనప్పుడు బాబ్జీ దౌడు తీస్తే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. (సగం గాలికి, సగం ఆనందానికి.) కానీ లోకంలో మనుషులుంటారు. మనిషి కనబడితే ఫోను, ఫోను కనబడితే ఫోటో. జట్కా గుర్రానికి కట్టినట్టు కళ్ళ పక్కన తోలుముక్కలు కట్టి చూశాం. దాంతో వాడు చెవుల మీద ఆధారపడి, "ఒక్క నిమిషం అండీ" అన్న మాటకి ఆగడం మొదలుపెట్టాడు. ఫోటో తీసేవాళ్ళు ముందుగా అనే మాట అదే కదా. మా వైపు మనుషులు రోజుకి ఎన్నిసార్లు ఒక్క నిమిషం అండీ అంటారో నేను అప్పటిదాకా గమనించలేదు. కొబ్బరిబోండాలాయన అన్నా ఆగేవాడు. అవతలి గట్టు మీద ఎవరో ఇంకెవరితోనో ఫోనులో అన్నా ఆగేవాడు. తోలుముక్కలు విప్పేశాం.

ఈలోగా బ్యాండుమేళం ఆయన కబురంపాడు: మూఢం వెళ్ళిపోతోంది, వచ్చి గుర్రాన్ని తోలుకుపోతానని. అంతకు కొద్దిరోజుల ముందే కొల్లేరు దగ్గర ఒక చెరువు మీద వాలిన పక్షుల్ని తోలడానికి ఎవరో టపాకాయ పేల్చారు. బాబ్జీ నిలువెల్లా వణికిపోయాడు. నేను దిగి వాడి మెడ పట్టుకుని నిలబడితే ఆ వణుకు నా చేతుల్లోకి వచ్చింది. వాణ్ణి మళ్ళీ ఊరేగింపులకి పంపుతారంటే ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాడే మాస్టారిని పట్టుకుని బతిమాలాను. ఆయన చాలాసేపు జీను తుడిచిందే తుడిచి, "ఉత్తినే నిలబెట్టి మేపే ఓపిక నాకు లేదమ్మా. వచ్చే ఆదివారం ఏలూరులో స్వారీ నేర్చుకునేవాళ్ళతో ఆటలున్నాయి కదా. ఆ పందెంలో ఆగకుండా పరిగెత్తాడా, వీణ్ణి నేనే కొని ఉంచేసుకుంటాను. ఆగాడా, ఇంక నన్నడక్కు" అన్నారు.

ఆటలు ముదినేపల్లి దగ్గర, చేపలు పట్టేసి ఎండగట్టిన ఒక పెద్ద చెరువులో. నేల నెర్రెలు విచ్చకుండా ముందురోజే రోలరు తొక్కించారు. చుట్టూ ఉన్న గట్టే గ్యాలరీ. గుర్రాలు పరిగెడతాయట అని చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా గొడుగులేసుకుని వచ్చి గట్టు నిండా నిలబడ్డారు. నాన్న కూడా వచ్చారు. నన్ను చూడ్డానికి కాదట. ఆ వైపు ఏదో విత్తనాల పని పడిందట. చొక్కా జేబులో కొత్త ఫోను. అందులో ఉన్న ఫోటోలన్నీ దోమపోటు పట్టిన వరి దుబ్బులవే, వ్యవసాయాఫీసులో చూపించడానికి తీసినవి. మనుషుల్ని ఫోటో తీసే అలవాటు ఆయనకి లేదు. అందుచేత ఆ గట్టు మీదున్న అందరి గురించీ బెంగపెట్టుకున్నాను గానీ నాన్న గురించి పెట్టుకోలేదు.

పందేనికి ముందు మైకు తీసుకున్నాను. "ఏవండీ, అందరికీ నమస్కారమండీ, దయచేసి ఎవరూ ఫోటోలు తియ్యొద్దండీ" అని మొదలుపెట్టి, బాబ్జీ కథంతా చెప్పాను, చెవి నొక్కుతో సహా. గట్టు మొత్తం ఒక్క గొంతుతో "అలాగేనండీ!" అంది. ఒక పెద్దావిడ, "అయ్యో, నోరులేని జీవం కదమ్మా" అని కొంగుతో కళ్ళు కూడా ఒత్తుకుంది. ఫోన్లన్నీ జేబుల్లోకీ, సంచుల్లోకీ వెళ్ళిపోయాయి. నాకు గుండె నిండిపోయింది. మా వైపు వాళ్ళు మొహం మీద కాదనరు అని పుట్టినప్పటినుంచీ వింటున్నదే. కాకపోతే, కాదనకపోవడానికీ ఔననడానికీ మధ్య కాస్త ఎడం ఉంటుందని అప్పటికి నాకింకా తెలియదు.

అది జెండాల పందెం. ఈ చివర బయల్దేరి, ఆ చివర నీలంరంగు డ్రమ్ములో గుచ్చిన జెండాను గుర్రం దిగకుండా పీకి, వెనక్కొచ్చి మన డ్రమ్ములో వెయ్యాలి. ఒకరి తర్వాత ఒకరు. మా జట్టులో ఆఖరి వంతు నాది. నా వంతు వచ్చేసరికి మేమూ ఏలూరు వాళ్ళూ సరిసమానంగా ఉన్నాం. బాబ్జీ మెడ మీద చెయ్యేసి, "బాబూ, ఈ ఒక్కసారి" అన్నాను. వాడు బయల్దేరాడు చూడండి, అది పరుగంటే. గట్టు, గొడుగులు, జనం అన్నీ ఒకే గీతలా వెనక్కి పోయాయి. ఆ చివర డ్రమ్ము దగ్గర వంగి జెండా పీకాను, చక్కగా చేతికొచ్చింది. ఏలూరు అబ్బాయి ఇంకా సగం దూరంలోనే ఉన్నాడు. గుర్రాన్ని వెనక్కి తిప్పాను. గెలిచేశాం అనుకున్నాను. (ఈ అనుకోవడం నేను తప్పిన మొదటి బ్యాంకు పరీక్షప్పుడు కూడా చేశాను.)

"అమ్మా! ఒక్కటేనమ్మా, ఒక్కటి!"

ఆ గొంతు నాకు తెలుసు. తలెత్తి చూస్తే నాన్న. రెండు చేతులతో ఫోను పైకెత్తి పట్టుకుని, పంచె ఎగ్గట్టి, గట్టు మీదనుంచి చెరువులోకి దిగి వచ్చేస్తున్నారు. బాబ్జీ ఆగాడు. కుడికాలు ముందుకొచ్చింది. మెడ వంగింది. ఈసారి నేను జూలు పట్టుకుని ఎలాగో మీదే ఉన్నాను.

"నాన్నా! దింపండి! ఫోను దింపండి!"

"కదలకమ్మా, అదురుతోంది."

దోమపోటు ఫోటో తీసేటప్పుడు దుబ్బు మొదట్లోకి వంగి కింది నుంచి తియ్యాలట. అలవాటుకొద్దీ నాన్న గొంతుక్కూర్చుని, బాబ్జీని కాళ్ళ దగ్గర్నుంచి పైదాకా శ్రద్ధగా తీశారు. అది చూసి గట్టు మీదివాళ్ళు, "పెద్దాయన తీసుకున్నారు కదండీ, మేమూ ఒక్కటి తీసుకుని పెట్టేస్తామండీ" అన్నారు. పెట్టేసిన ఫోన్లన్నీ బయటికొచ్చాయి. కళ్ళొత్తుకున్న పెద్దావిడ, ఎలా తియ్యాలో పక్కవాళ్ళని అడుగుతోంది. బాబ్జీ ఏ ఒక్కరినీ చిన్నబుచ్చలేదు. అటు తిరిగి కాసేపు, ఇటు తిరిగి కాసేపు, అందరికీ సమానంగా నిలబడ్డాడు. ఏలూరు అబ్బాయి తీరిగ్గా జెండా పీక్కెళ్ళి తన డ్రమ్ములో వేసి, మజ్జిగ తాగి, వాడు కూడా వచ్చి ఒక ఫోటో తీసుకున్నాడు.

ఆ సాయంత్రం బాబ్జీ మెడలో మొహం దాచుకుని ఏడ్చాను. నాన్న పక్కనే నిలబడి ఫోను చూసుకుంటూ, "బాగా వచ్చిందమ్మా" అన్నారు. ఆ వారమంతా నేను ఆయనతో మాట్లాడలేదు. మా ఇంట్లో మాటలు మామూలుగానే తక్కువ కాబట్టి, ఆ సంగతి ఆయన దాకా వెళ్ళినట్టు లేదు.

తర్వాతి ఆదివారం బాబ్జీకి ఆఖరిసారి తవుడు పెడదామని మిల్లు వెనక్కి వెళ్ళేసరికి, అక్కడ పిల్లలకి కొత్త గౌన్లేసి, పౌడరు రాసి తీసుకొచ్చిన జనం. "ఆ ఫోటోలో గుర్రం ఇదేనాండీ?" అని అడుగుతున్నారు. గట్టు మీద తీసిన ఫోటోలన్నీ ఫోన్ల మీదుగా గూడెం, ఏలూరు, ఎక్కడెక్కడికో వెళ్ళాయట. బాబ్జీ ఒక్కొక్క పిల్లనీ వీపు మీద కూర్చోబెట్టుకుని కాలు ముందుకు చాపి నిలబడుతున్నాడు. పిల్లలు పడరు, ఏడవరు, వాడు కదలడు. తాడు పట్టుకుని వచ్చిన బ్యాండుమేళం ఆయన ఆ వరస చూసి నోరు తెరిచాడు. మాస్టారు ఎంతో మర్యాదగా, "వాడికి ఖాళీ లేదండీ" అన్నారు. ఆయన తాడు చుట్టుకుంటూ, "పోనీలెండి, ఇంత అని ఇచ్చి మీరే ఉంచుకోండి, ఈమధ్య పెళ్ళికొడుకులు కూడా టాపు లేని కార్లడుగుతున్నారు" అని, వెళ్ళేముందు తనూ ఒక ఫోటో తీసుకున్నాడు. బాబ్జీ మళ్ళీ టపాకాయల మధ్యకి వెళ్ళలేదు. పందేలకీ వెళ్ళలేదు. నాకు ఒక గోధుమరంగు గుర్రాన్నిచ్చారు. అది చక్కగా పరిగెత్తేది, దాన్నెవరూ ఫోటో తీసేవాళ్ళు కాదు. దాని పేరు కూడా ఇప్పుడు గుర్తులేదు. ఆ తర్వాత ట్రాన్స్‌ఫరు, పెళ్ళి, పిల్లలు, నడుము.

మొన్న నాన్న ఫోను మారుస్తానంటే గూడెంలో షాపుకి తీసుకెళ్ళాను. షాపతను ఏవేవి కొత్తదాంట్లోకి ఎక్కించాలని అడిగితే, "ముందు ఆ ఫోటో ఎక్కించండి, పోయినసారీ దాన్నే ముందు ఎక్కించారు" అన్నారు నాన్న. వంగి చూశాను. దోమపోటు దుబ్బుల మధ్యలో బాబ్జీ, సింహాసనం ఎక్కాల్సినవాడిలా. వాడి మీద పసుపు హెల్మెట్ పక్కకి ఒరిగి, చేతిలో జెండాతో, ఇంత నోరు తెరిచి అరుస్తున్న ఒక అమ్మాయి. ఆ మొహంలో కోపం ఉంది, దుమ్ముంది, భయమన్నది మాత్రం ఎక్కడా లేదు. ఆ అమ్మాయంటే నాకు ఉన్నట్టుండి చాలా ఇష్టం పుట్టింది.

"నాన్నా, ఇందులో నేను మిమ్మల్ని తిడుతున్నాను."

"ఔనమ్మా," అన్నారు నాన్న. "బాబ్జీ బాగా పడ్డాడు." షాపతను డబ్బాలో సర్దుతుండగా మళ్ళీ అన్నారు, "నువ్వూ బాగానే పడ్డావు. నిన్ను తియ్యాలనే దిగొచ్చాను."

తిరిగొచ్చేటప్పుడు పెంటపాడు దగ్గర గేదె అడ్డమొచ్చింది. స్కూటీ ఆపాను. వెనక నాన్న ఉన్నారు, జేబులో ఆ ఫోటో ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి, దిగకుండా, ధైర్యంగా హారన్ కొట్టాను. గేదె తలతిప్పి నన్ను పైనుంచి కిందదాకా చూసింది గానీ కదల్లేదు.

సరేనని దిగాను.