నారాయణ పక్షి గూటి మీది ఎండ

1926 భాద్రపదంలో నన్ను అరకు లోయకు పంపారు. అప్పటికి అటవీ శాఖలో చేరి నాలుగేళ్లయింది. పని ఫొటోగ్రాఫరుది, హోదా మాత్రం డ్రాఫ్ట్స్‌మన్‌ది, అంటే గుమాస్తాకు ఒక మెట్టు పైన. మద్రాసులో జరగబోయే ఒక ప్రదర్శనకు నీటిపక్షుల ఫొటోలు కావాలని పై అధికారి ఉత్తర్వు ఇచ్చారు. కాల్చి గడ్డి కూరినవి పనికిరావు, గూటి దగ్గర బతికి ఉన్నవే కావాలి.

శృంగవరపుకోట వరకు ఎడ్లబండి, అక్కడి నుంచి ఘాటు దారి పొడవునా నడక. సామాను కావిళ్ల మీద వచ్చింది. ఆ రోజుల్లో మేము వాడిన కెమెరా మూడు కాళ్ల మీద నిలబెట్టే చెక్కపెట్టె. అందులో గాజు పలక పెట్టాలి. ఒక పలకకు ఒకే బొమ్మ. ఆ పలకలకు వెలుతురు బాగా కావాలి. నీడలో తీయాలంటే షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచాలి; ఆలోగా పక్షి మెడ తిప్పిందంటే బొమ్మ చెదిరిపోతుంది.

నాకు దారి చూపడానికి రేంజరు ఒక కొండ ఊరి మనిషిని కుదిర్చాడు. పేరు సోమ్రు. యాభై దాటినవాడు, వాగుల్లో చేపలు పట్టి బతికేవాడు. ఏజెన్సీలో పితూరీ, అంటే కొండవాళ్ల తిరుగుబాటు, అణగి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఖాకీ బట్టలు కనిపిస్తే జనం మాట తగ్గించేవారు. సోమ్రు కూడా అడిగినదానికే జవాబు చెప్పేవాడు.

లోయ అంచున ఒక మడుగు ఉండేది. దాని నడుమ నీళ్లలో నిలిచిన చెట్టు మీద నారాయణ పక్షులు గూళ్లు కట్టాయి. బూడిద రంగు ఒళ్లు, తల వెనక నల్లని తురాయి, పొడుగాటి కాళ్లు. కొంగల్లో పెద్ద జాతి. అన్నిటికంటే కిందనున్న గూట్లో మూడు పిల్లలు ఉన్నాయి. ఆ గూటికి ఎదురుగా నీళ్లలో వెదురు మంచె కట్టి, ఆకులతో కప్పి, లోపల నేను కూర్చోవాలి. ఒక్కసారిగా కడితే పక్షులు గూళ్లు వదిలేస్తాయని సోమ్రు నాలుగు రోజులపాటు కొంచెం కొంచెంగా కట్టాడు. అతని లెక్క తప్పలేదు. ఒక్క పక్షి కూడా లేచిపోలేదు.

మంచె పూర్తయిన రోజే ముసురు పట్టింది. వారం పైగా వదల్లేదు. సగం పలకలు చెమ్మకు పాడయ్యాయి. ఈలోగా మూడు రోజుల్లో దిగి రావాలని ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. మర్నాడు ఎండ కాసింది గాని, గూటి మీద గుబురుగా ఒక కొమ్మ వాలి ఉంది. కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకుని చూస్తే గూడంతా చీకటి. కొమ్మ నరకమని సోమ్రుకు చెప్పాను.

అతను కత్తి తియ్యలేదు. "వద్దు బాబూ, అది ఆటి గొడుగు. వాన ఎలిసినాక ఎండ మా సెడ్డగుంటాది. పిల్లలు తాళవు" అన్నాడు.

"రెండు రోజులే కదా" అన్నాను.

అతను కత్తి తీశాడు. నీళ్లలోకి దిగి కొమ్మ నరికాడు.

ఆ రోజు పొద్దెక్కే దాకా తల్లి దూరంగా గట్టు మీదే నిలబడింది. మధ్యాహ్నం గూటికి వచ్చి, ఎండకు వీపు తిప్పి, రెక్కలు సగం విప్పి కదలకుండా నిలబడిపోయింది. కింద పిల్లలు నోళ్లు తెరిచి ఉన్నాయి. అంత నిశ్చలంగా నిలబడే పక్షి ఏ ఫొటోగ్రాఫరుకూ దొరకదు. షట్టరు రబ్బరు బుడ్డి నొక్కి మూడు పలకలు తీశాను. ఆ సంతోషంలో నాకు ఆకలి కూడా తెలియలేదు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి గూటి మీద అడ్డాకులతో అల్లిన చిన్న పందిరి ఉంది. సోమ్రు నాకంటే ముందే వచ్చి కట్టాడు.

"ఇదేమిటి సోమ్రూ?"

"నీడ బాబూ. ఒకటి తలెత్తట్లేదు."

"నీడ పడితే బొమ్మ రాదు. తీసెయ్యి."

అతను నా ముఖంలోకి ఒకసారి చూశాడు. తీసేశాడు. ఆ మాట అన్నది నేనే. నన్ను ఎవరూ అనమనలేదు. పై అధికారి దగ్గరుండి ఉంటే పందిరి ఉంచమనేవారేమో కూడా.

సాయంత్రానికి రెండు పిల్లలు చచ్చిపోయాయి. మూడోది, మర్నాడు నేను సామాను కట్టించే వేళకు, గూట్లో లేదు. గద్ద తన్నుకుపోయిందని సోమ్రు చెప్పాడు. తల్లి ఖాళీ గూటి మీద నిలబడే ఉంది. కావిళ్లు కదిలాయి. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

ప్రదర్శనలో రెక్కలు విప్పిన తల్లి బొమ్మకు పతకం వచ్చింది. కింద 'మాతృప్రేమ' అని ఎవరో పేరు రాసి పెట్టారు. చూసినవాళ్లు పక్షి పిల్లలను రెక్కల కింద పొదువుకుంటోందని మురిసిపోయారు. నా హోదా ఒక మెట్టు పెరిగింది. ఆ పేరు తప్పని నేను ఎక్కడా చెప్పలేదు.

మరుసటి ఏడు వేరే పని మీద ఆ లోయకు వెళ్లినప్పుడు, బొమ్మ ప్రతి ఒకటి సోమ్రుకు పట్టుకెళ్లాను. ఎందుకు పట్టుకెళ్లానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. బహుశా అతను కూడా మెచ్చుకుంటే నా మనసు కుదుటపడుతుందనుకున్నానేమో. గుమ్మం ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. చేతులు తుడుచుకుని బొమ్మ అందుకున్నాడు. అంతకుముందు ఫొటో అన్నది చూసి ఎరగడు. వెలుతురుకు తిప్పి చూశాడు.

"రెక్కలతో పిల్లలకి నీడ ఇస్తంది" అన్నాడు. వేలితో కింద చూపించి, "ఇదుగో, నోళ్లు తెరిసీసున్నాయి. దాహం బాబూ."

మద్రాసులో అన్ని వందలమందిలో ఒక్కరికీ కనిపించనిది అతనికి ఒక్క చూపులో కనిపించింది.

"ఉంచుకో, నీకే తెచ్చాను" అన్నాను.

"మా ఇంట్లో వద్దు బాబూ. ఏటనుకోకండి" అని రెండు చేతులా తిరిగి ఇచ్చేశాడు. ఈ ఏడు పక్షులు వచ్చాయా అని అడిగాను. ఆ చెట్టుకు రాలేదన్నాడు. మళ్లీ వల చేతిలోకి తీసుకున్నాడు.

నేర్చుకున్నది ఇది. గూటి దగ్గర వెలుతురు చాలకపోతే, ఆ రోజుకు బొమ్మ లేదు. అంతకుమించి చేయదగింది ఏదీ లేదు. ఆ తరువాతి ఉద్యోగకాలంలో ఎన్నోసార్లు ఖాళీ పలకలతో కొండ దిగి వచ్చాను. పై అధికారులు దాన్ని నా చేతగానితనం కింద జమకట్టారు. నేను వాదించలేదు.